-ఓఫాస్ట్ పెట్టాక ఈజ్‌నాన్ చెక్ పనిచేయట్లేదు, వాన లెక్కలన్నీ నాన్ (సంఖ్య కాని విలువ) అయిపోతున్నాయి. ఫాస్ట్-మ్యాథ్ మొత్తం తీసేయాల్సిందేనా?

వానలెక్క:

అందరికీ నమస్తే. రెండు రోజుల్నుంచి ఒకే చోట ఇరుక్కుపోయి ఉన్నాను, తెలిసినవాళ్ళు కొంచెం చూసి చెప్పండి.

నేను చేసే పని ఏంటంటే, మండలాల్లో ఉన్న వర్షమాపక స్టేషన్ల నుంచి వచ్చే రీడింగులు తీసుకుని, మధ్యలో స్టేషన్ లేని చోట్ల కూడా వాన ఎంత పడి ఉంటుందో గ్రిడ్ మీద పాయింట్ పాయింట్‌కీ అంచనా కట్టడం. పద్ధతి పాతదే, దగ్గరున్న స్టేషన్‌కి ఎక్కువ వెయిట్, దూరంగా ఉన్నదానికి తక్కువ, వెయిట్ అంటే ఒకటి బై దూరం వర్గం, అంతే. దూరం కోసం గోళం మీద కొసైన్ సూత్రం వాడాను, అంటే రెండు చోట్ల అక్షాంశాల సైన్‌లు గుణించి, దానికి అక్షాంశాల కాస్‌లు ఇంటూ రేఖాంశాల తేడా కాస్ కలిపి, వచ్చినదానికి ఏకాస్ (కాస్ నుంచి మళ్ళీ కోణం ఇచ్చే ఫంక్షన్) తీసి 6371తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. సీ ప్లస్ ప్లస్‌లో రాశాను, కంపైలర్ జీసీసీ 11, డాట్ ఎస్ఓ లైబ్రరీగా కట్టి పైథాన్ నుంచి పిలుస్తాను.

-ఓ2 (కంపైలర్‌కి ఇచ్చే మామూలు వేగం ఫ్లాగ్)తో ఒక రోజు డేటాకి 41 సెకన్లు పట్టేది. నెలల తరబడి పాత డేటా మళ్ళీ నడపాలి కాబట్టి -ఓఫాస్ట్, -మార్చ్=నేటివ్ (ఈ మెషిన్ ప్రాసెసర్‌కే తగ్గట్టు కట్టమని) పెట్టాను, 13 సెకన్లకి దిగిపోయింది, ఎంత సంతోషపడ్డానో. తీరా అవుట్‌పుట్ తెరిస్తే జిల్లాలకి జిల్లాలు నాన్.

నా కోడ్‌లో నాన్ రెండు చోట్ల వస్తుంది, రెండూ తెలిసి పెట్టుకున్నవే. ఒకటి, సెన్సర్ పాడైన రోజు రీడింగ్ ఉండదు కదా, దాన్ని ఫైల్ చదివేటప్పుడే నాన్‌గా పెట్టి లూప్‌లో "ఈజ్‌నాన్ అయితే వదిలెయ్" అని రాశాను (విలువ నాన్ అయితే 1, కాకపోతే 0 చెప్పే ఫంక్షన్ అది). రెండోది, గ్రిడ్ పాయింట్ సరిగ్గా స్టేషన్ మీదే పడితే ఏకాస్ లోపలికి వెళ్ళే విలువ ఒక్కోసారి 1.0000000000000002 అవుతుంది, ఏకాస్ నాన్ ఇస్తుంది, అందుకని "దూరం నాన్ అయితే సున్నా అనుకో, ఆ స్టేషన్ రీడింగే తీసుకో" అని ఇంకో చెక్ పెట్టాను. -ఓ2లో రెండూ చక్కగా నడిచాయి.

ఇప్పుడు ఏం జరుగుతోందో అర్థం కాక లూప్ మధ్యలో ప్రింట్ పెట్టాను, ఒకే లైన్లో ముందు రీడింగ్, పక్కనే ఈజ్‌నాన్ ఏం చెప్తుందో. స్క్రీన్ మీద ఏం వచ్చిందో చూడండి: "నాన్ 0". విలువ నాన్ అని అదే ప్రింట్ చేస్తోంది, నాన్ కాదు అని పక్కనే అదే చెప్తోంది. ఇది కంపైలర్ బగ్గా? స్పీడ్ కావాలంటే ఇంక లెక్క తప్పుకి సిద్ధపడాల్సిందేనా?


కృష్ణాతీరం:

బగ్ కాదండి. మీరు కంపైలర్‌కి ఒక హామీ రాసిచ్చారు, అది మీ మాట నమ్మింది. ఆ హామీ ఇచ్చినట్టు మీకు తెలియకపోవడమే ఇక్కడ సమస్య.

-ఓఫాస్ట్ అంటే -ఓ3 మీద -ఎఫ్‌ఫాస్ట్-మ్యాథ్ కలిపి పెట్టడం. ఆ ఫాస్ట్-మ్యాథ్ కూడా ఒక్క స్విచ్ కాదు, నాలుగైదు హామీలు కట్టగట్టిన మూట, అందులో చాలావాటికి ఒకదానితో ఇంకోదానికి సంబంధమే ఉండదు. మీ ప్రోగ్రామ్‌ని కొట్టింది -ఎఫ్‌ఫైనైట్-మ్యాథ్-ఓన్లీ. "నా లెక్కల్లో నాన్ గానీ ఇన్ఫినిటీ గానీ ఎప్పటికీ రాదు" అని దానర్థం. నాన్ ఎప్పుడూ రాదని మీరే చెప్పాక, ఈజ్‌నాన్ అని అడిగితే కంపైలర్ విలువ వంక చూడను కూడా చూడదు, జవాబు ఎప్పుడూ సున్నాయే కదా అని కంపైల్ టైంలోనే సున్నా రాసేస్తుంది, ఆ ఇఫ్ బ్లాక్ మొత్తం ఎత్తి బయట పారేస్తుంది. అసెంబ్లీ తీసి చూడండి, ఆ పోలిక ఇన్‌స్ట్రక్షనే ఉండదు. "ఎక్స్ ఎక్స్‌కి సమానం కాకపోతే" అనే పాత కిటుకు వాడినా అదే గతి. ప్రింట్ ఫంక్షన్ మాత్రం లైబ్రరీలో ఎప్పుడో మామూలుగా కంపైల్ అయి కూర్చుంది, అది నిజంగా బిట్లు చూస్తుంది, కాబట్టి నాన్ అని నిజం చెప్తుంది. మీ స్క్రీన్ మీద "నాన్ 0" పక్కపక్కనే వచ్చింది అందుకే.

ఇంక మూటలో మిగతావి. నా ఉద్దేశంలో అందరూ ముందు తెలుసుకోవాల్సింది -ఎఫ్‌నో-మ్యాథ్-ఎర్నో. సీ భాషలో స్క్వేర్‌రూట్‌కి నెగెటివ్ నంబర్ ఇస్తే ఎర్నో అనే గ్లోబల్ వేరియబుల్‌లో ఎర్రర్ కోడ్ రాయాలని జీలిబ్‌సీ (లినక్స్‌లో ఉండే సీ లైబ్రరీ) లాంటి లైబ్రరీల్లో ఆనవాయితీ. ప్రాసెసర్‌కి స్క్వేర్‌రూట్ ఒక్క ఇన్‌స్ట్రక్షన్, కానీ ప్రాసెసర్‌కి ఎర్నో అంటే ఏం తెలుస్తుంది, అందుకని కంపైలర్ ఆ ఇన్‌స్ట్రక్షన్ పక్కనే ఒక పోలిక, విలువ నెగెటివ్ అయితే లైబ్రరీ ఫంక్షన్‌ని పిలవడానికి ఒక జంపు పెట్టుకుంటుంది. లూప్ మధ్యలో ఆ కాల్ ఉండబట్టి లూప్ వెక్టరైజ్ కాదు, అంటే ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో ఒకేసారి కొన్ని విలువలు లెక్కగట్టడం కుదరదు. మన దేశంలో కోడ్ రాసేవాళ్ళలో స్క్వేర్‌రూట్ తర్వాత ఎర్నో చూసేవాళ్ళు ఎంతమంది చెప్పండి, నేనైతే ఇన్నేళ్ళలో ఒక్క చోట కూడా చూడలేదు. ఈ ఫ్లాగ్ పెడితే వచ్చే విలువల్లో ఒక్క బిట్ మారదు, వేగం మాత్రం వస్తుంది. యాపిల్ మ్యాక్‌లో వాడే క్లాంగ్ అనే కంపైలర్‌కి ఇది డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది.

తర్వాత -ఎఫ్‌అసోసియేటివ్-మ్యాథ్. కూడిక క్రమం మార్చుకోవచ్చు అని పర్మిషన్. బడిలో చెప్పినట్టు ఏ ప్లస్ బీ ప్లస్ సీ ఎటునుంచి కూడినా ఒకటే అనుకుంటాం గానీ ఫ్లోటింగ్ పాయింట్‌లో అది నిజం కాదు. 1 పక్కన 16 సున్నాలు పెట్టిన సంఖ్యకి 1 కలిపి మళ్ళీ ఆ పెద్ద సంఖ్యే తీసేయండి, డబుల్‌లో (64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య) సున్నా వస్తుంది, ముందు పెద్దవి రెండూ కొట్టేసుకుని ఆ తర్వాత 1 కలిపితే 1 వస్తుంది. అందుకే కంపైలర్ మీ అనుమతి లేకుండా సమ్ లూప్‌ని నాలుగు పాయలుగా చీల్చి వెక్టర్‌లో కూడదు. అనుమతి ఇస్తే చీలుస్తుంది, చివరి అంకెలు కొంచెం మారతాయి. మీకు వాన మిల్లీమీటర్లలో కావాలి, పదహారో అంకె మారితే నష్టం ఏమీ లేదు.

ఇంకోటి, మ్యాథ్ ఫంక్షన్లని బీజగణితంలా కొట్టేయడం. లాగ్ లోపల ఎక్స్‌ప్ (ఈ పవర్ ఎక్స్) ఉంటే రెండూ ఎగరగొట్టి ఎక్స్ ఉంచుతుంది, సైన్ బై కాస్ ఉంటే ట్యాన్ చేస్తుంది, రెండు ఎక్స్‌ప్‌లు గుణిస్తే లోపలివి కూడి ఒక్క ఎక్స్‌ప్ పెడుతుంది. ఇక్కడ చాలామంది "తప్పు జవాబు వస్తుంది" అంటారు, ఎప్పుడూ తప్పే అని కాదండి, వేరే జవాబు వస్తుంది. 2కి వర్గమూలం తీసి దాన్ని దాంతోనే గుణిస్తే రూల్ ప్రకారం 2.0000000000000004 వస్తుంది, ఫాస్ట్-మ్యాథ్‌లో రెండూ కొట్టేసి నేరుగా 2 ఇస్తుంది. ఎక్స్‌ప్ 800 డబుల్‌లో పట్టదు, 709.78 దాటితేనే ఇన్ఫినిటీ, దానికి లాగ్ తీసినా ఇన్ఫినిటీయే, ఫాస్ట్‌లో మాత్రం 800 అని సరైన జవాబే వస్తుంది. కానీ మీరు ఆ ఇన్ఫినిటీని పట్టుకుందామని చెక్ రాసుకుని ఉంటే అది ఎన్నటికీ తగలదు.

మీకు ప్రస్తుతానికి చెప్పేది, -ఓఫాస్ట్ తీసేసి -ఓ3 -ఎఫ్‌ఫాస్ట్-మ్యాథ్ పెట్టి, దాని వెనకాలే -ఎఫ్‌నో-ఫైనైట్-మ్యాథ్-ఓన్లీ పెట్టండి. తర్వాత వచ్చిన ఫ్లాగే గెలుస్తుంది. రిజల్ట్ చెప్పండి.


ఓరుగల్లు_జీపీయూ:

నేను గూడ గిట్లనే ఒకసారి మస్తు తిప్పలు పడ్డ అన్నా, అందుకే చెప్తున్న, నాన్ చెక్ ఒక్కటే కాదు పోయేది. "ఎక్స్ సున్నా కన్నా తక్కువ కాకపోతే" అని రాసినవనుకో, నాన్ ఉంటే అది నిజం అయితది, ఎందుకంటే నాన్ దేనికన్నా తక్కువ కాదు. ఫాస్ట్‌ల కంపైలర్ దాన్ని "ఎక్స్ సున్నా కన్నా ఎక్కువ లేకుంటే సమానం" అని తిప్పి రాస్తది, గప్పుడు నాన్‌కి అబద్ధం అయితది. కోడ్‌ల ఈజ్‌నాన్ అనే పదం ఎక్కడ లేదు గద, నాకేం గాదు అనుకుంటే దెబ్బ తింటవ్.

నేను చేసేది కూడా ఇట్లాంటి పనే, గ్రాఫిక్ కార్డ్ మీద సిగ్నల్ ప్రాసెసింగ్. అక్కడ యూజ్ ఫాస్ట్ మ్యాథ్ అని ఇంకో ఫ్లాగ్ ఉంటది, అది ఇంక ఒక మెట్టు ఎక్కువ, సైన్ఎఫ్ అని రాసినయన్నీ హార్డ్‌వేర్ సైన్‌కి మారుస్తది. ఎన్విడియా మాన్యువల్‌ల స్పష్టంగ రాసి ఉంటది, మైనస్ పై నుంచి ప్లస్ పై లోపల ఎర్రర్ ఎక్కువల ఎక్కువ 2 పవర్ మైనస్ 21.41, దాని బయట ఎర్రర్ పెద్దగైతది అని. నేను ఫేజ్‌ని ప్రతి శాంపిల్‌కి కలుపుకుంట కలుపుకుంట పోయిన, ఒక నిమిషం సిగ్నల్ అయ్యేసరికి ఫేజ్ లక్షల్లకి పోయింది, సైన్ జవాబు మొత్తం చెత్త. ముందు ఇరవై సెకండ్లు చూసి బాగనే ఉంది అనుకున్న. మామూలు సైన్ల లోపల ఆ పెద్ద కోణాన్ని రెండు పైల లోపలికి తెచ్చే పని ఉంటది గద, ఫాస్ట్‌ల ఆ పని సరిగ జరగదు. నేనే ప్రతిసారి ఫేజ్ నుంచి రెండు పైలు తీసేసుడు మొదలువెట్టినంక అదే ఫాస్ట్ సైన్‌తోని ఇప్పటిదాంక ఏ ఇబ్బంది లేదు. అందుకే ఫాస్ట్-మ్యాథ్ అసలే ముట్టొద్దు అనేటోళ్ళతోని నేను ఒప్పుకోను, దానికి ఏం ఇస్తున్నవో నీకు తెలిసి ఉండాలె.


బీటెక్_మూడో_ఏడు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, చిన్న డౌట్. వానలెక్క గారు దూరం వర్గం కోసం పౌ(డీ, 2.0) రాసి ఉంటారు కదా, దాన్ని కంపైలర్ దానంతట అదే డీ ఇంటూ డీ చేస్తుందా లేక దానికి కూడా ఫాస్ట్-మ్యాథ్ కావాలా? మా సార్ ఎప్పుడూ పౌ వాడొద్దు, స్లో అంటారు.


కృష్ణాతీరం:

మంచి ప్రశ్న తమ్ముడూ. 2కి అయితే ఏ ఫ్లాగూ అక్కర్లేదు, జీసీసీ, క్లాంగ్ రెండూ మామూలు ఆప్టిమైజేషన్‌లోనే గుణకారం చేసేస్తాయి. ఎందుకంటే డీ ఇంటూ డీలో రౌండింగ్ ఒక్కసారే జరుగుతుంది, అంతకన్నా కచ్చితమైన జవాబు పౌ కూడా ఇవ్వలేదు. 3 అయితే కథ మారిపోతుంది. డీ ఇంటూ డీ చేసి ఒకసారి రౌండ్ చేసి, మళ్ళీ డీతో గుణించి ఇంకోసారి రౌండ్ చేయాలి, రెండు రౌండింగులు. లైబ్రరీ పౌ లోపల ఎక్కువ ప్రెసిషన్‌తో లెక్క చేసి చివర్లో ఒక్కసారి రౌండ్ చేస్తుంది కాబట్టి దానిదే ఎక్కువ కచ్చితం, అందుకని అనుమతి లేకుండా మార్చదు.

0.5 అయితే ఇంకా తమాషాగా ఉంటుంది. పవర్ 0.5 అంటే స్క్వేర్‌రూటే కదా అనుకుంటాం, కానీ మైనస్ సున్నా ఇచ్చి చూడు, పౌ ప్లస్ సున్నా ఇవ్వాలి, స్క్వేర్‌రూట్ మైనస్ సున్నా ఇవ్వాలి. మైనస్ ఇన్ఫినిటీ ఇస్తే పౌ ప్లస్ ఇన్ఫినిటీ ఇస్తుంది, స్క్వేర్‌రూట్ నాన్ ఇస్తుంది. ఈ రెండు మూలల కోసమే కంపైలర్ ఆగుతుంది. మైనస్ సున్నాతో నాకు పనిలేదు, ఇన్ఫినిటీ రాదు అని నువ్వు చెప్తే వెంటనే మార్చేస్తుంది. క్లాంగ్ వెనకున్న ఎల్ఎల్‌వీఎంలో ఈ అనుమతులన్నీ ప్రతి ఆపరేషన్ మీదా విడివిడిగా రాసి ఉంటాయి, నాన్ రాదు అని ఒకటి, ఇన్ఫినిటీ రాదు అని ఒకటి, సున్నా గుర్తు పట్టించుకోను అని ఒకటి, భాగహారం బదులు విలోమంతో గుణించుకో అని ఒకటి, ఉజ్జాయింపు ఫంక్షన్ పర్లేదు అని ఇంకోటి, ఇలా ఏడు. ఒక్కసారి ఎల్ఎల్‌వీఎం ఐఆర్ (కంపైలర్ లోపల వాడుకునే మధ్య రూపం) ప్రింట్ చేసి చూడు, పుస్తకం చదివితే రాని అవగాహన అక్కడ వస్తుంది.


వానలెక్క:

కృష్ణాతీరం గారూ చాలా థ్యాంక్స్ అండి, మీరు చెప్పినట్టే చేశాను. లెక్కలు ఇప్పుడు కరెక్ట్‌గా వస్తున్నాయి, నాన్‌లు పోయాయి, పాత -ఓ2 అవుట్‌పుట్‌తో పోల్చి చూశాను, సరిపోయాయి. కానీ టైం 13 నుంచి 34కి పెరిగిపోయింది! ఒక్క ఫ్లాగ్ తీస్తే ఇంత తేడానా? పెర్ఫ్ (ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం పోతోందో చూపే టూల్) పెట్టి చూస్తే సమయం అంతా మళ్ళీ సైన్, కాస్, ఏకాస్‌లోనే పోతోంది. ఇంతకుముందు నడిపినప్పుడు ఆ లిస్ట్‌లో సైన్, కాస్ పేర్లే కనపడలేదు, వాటి బదులు అండర్‌స్కోర్ జెడ్‌జీవీ అని మొదలయ్యే వింత పేర్లేవో ఉండేవి.

ఇంకోటి కూడా అడగాలి, ఇది సంబంధం ఉందో లేదో తెలియదు. నా లైబ్రరీ లోడ్ చేసిన తర్వాత నంపై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) ఒక వార్నింగ్ ఇస్తోంది, ఫ్లోట్64కి అతిచిన్న సబ్‌నార్మల్ విలువ సున్నా అని. అంతకుముందు ఎప్పుడూ రాలేదు.


కృష్ణాతీరం:

ఆ జెడ్‌జీవీ పేర్లు చెప్పి మంచి పని చేశారు, అక్కడే ఉంది విషయం. అవి లిబ్‌ఎంవెక్ ఫంక్షన్లు. జీలిబ్‌సీ 2.22లో, అంటే 2015లో, ఎక్స్86-64 కోసం వచ్చింది ఆ లైబ్రరీ, సైన్, కాస్, ఎక్స్‌ప్, లాగ్, పౌ ఒకేసారి నాలుగు విలువలకో ఎనిమిదింటికో లెక్కగట్టి ఇస్తుంది. మామూలు సైన్‌లో తప్పు చివరి అంకెలో ఒక యూనిట్ లోపే ఉంటుంది, ఇందులో 4 యూనిట్ల దాకా ఉండొచ్చు, అందుకే అడగకుండా వాడరు.

మరి ఎందుకు మాయమైపోయాయి అంటే, జీలిబ్‌సీ హెడర్ ఫైల్లో ఆ వెక్టర్ ఫంక్షన్ల డిక్లరేషన్లు అన్నీ అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ ఫాస్ట్ మ్యాథ్ అనే మాక్రో వెనకాల దాచిపెట్టి ఉన్నాయి. జీసీసీ ఆ మాక్రోని ఎప్పుడు పెడుతుందంటే మూటలో ముఖ్యమైన హామీలు అన్నీ ఉన్నప్పుడే. ఫైనైట్-ఓన్లీ ఒక్కటి తీసేశారు కదా, మూట అసంపూర్ణం అయిపోయింది, మాక్రో పోయింది, దాంతో హెడర్‌లో డిక్లరేషన్ పోయింది, వెక్టర్ సైన్ అనేది ఉందనే సంగతే కంపైలర్‌కి తెలియకుండా పోయింది. నాన్‌కీ వెక్టర్ సైన్‌కీ నిజానికి ఏ లంకె లేదు, హెడర్‌లో అలా రాసి ఉంది అంతే. ఇది నన్ను ఒకసారి వారం రోజులు తిప్పింది, ఏ డాక్యుమెంట్‌లోనూ పెద్ద అక్షరాలతో రాసి ఉండదు. సైన్ డిక్లరేషన్‌కి సిమ్డ్ అనే అట్రిబ్యూట్ (దీనికి వెక్టర్ రూపం ఉందని చెప్పే గుర్తు) మీరే తగిలించి మళ్ళీ రాసుకుంటే పని జరుగుతుంది.

కానీ దానికన్నా ముందు ఒక మాట అండి, కోపం తెచ్చుకోకండి. మీ లూప్‌లో అసలు సైన్ ఎందుకు ఉంది? స్టేషన్లు కదలవు. గ్రిడ్ కదలదు. ప్రతి స్టేషన్ అక్షాంశ రేఖాంశాలని మొదట్లో ఒక్కసారి ఎక్స్, వై, జెడ్‌గా మార్చేయండి, భూమి వ్యాసార్థం 1 అనుకుని. గ్రిడ్ పాయింట్లకి కూడా అంతే. ఆ తర్వాత లూప్‌లో మిగిలేది మూడు తీసివేతలు, మూడు వర్గాలు, రెండు కూడికలు. వచ్చేది భూమి లోపల్నుంచి తిన్నగా గీసిన దూరం వర్గం. ఉపరితలం మీద దూరానికీ దీనికీ తేడా ఎంత ఉంటుందంటే 300 కిలోమీటర్లకి 28 మీటర్లు, వాన లెక్కలో దాన్ని ఎవరూ పట్టుకోలేరు. పైగా మీకు కావాల్సింది దూరం వర్గం కదా, స్క్వేర్‌రూట్ కూడా అక్కర్లేదు! ఏకాస్ లేదు కాబట్టి 1.0000000000000002 గొడవ అక్కడితో పోతుంది, రెండో నాన్ చెక్ పూర్తిగా పోతుంది.

స్టేషన్ మీదే పాయింట్ పడితే సున్నాతో భాగహారం వస్తుంది కదా అంటారేమో, దూరం వర్గాన్ని 10 పవర్ మైనస్ 12 కన్నా తగ్గకుండా మ్యాక్స్ పెట్టండి. అది భూమి మీద ఆరు మీటర్ల చిల్లర. ఆరు మీటర్ల లోపల ఉన్న స్టేషన్‌కి వచ్చే వెయిట్ పది కిలోమీటర్ల అవతల ఉన్నదాని కన్నా ఇరవై లక్షల రెట్లు పైమాటే, కాబట్టి జవాబు దానంతట అదే ఆ స్టేషన్ రీడింగ్ అయిపోతుంది. ఇఫ్ లేదు, ఇన్ఫినిటీ లేదు, లూప్ హాయిగా వెక్టరైజ్ అవుతుంది.

మొదటి నాన్, అంటే రీడింగ్ లేని స్టేషన్ల సంగతి. వాటిని లూప్‌లోకి రానివ్వకండి. ఫైల్ చదివే కోడ్ వేరే సీపీపీ ఫైల్లో పెట్టి దాన్ని మామూలు -ఓ2తో కంపైల్ చేసి, అక్కడే ఈజ్‌నాన్ చూసి, రీడింగ్ ఉన్న స్టేషన్లనే వరుసగా పేర్చి లెక్కలోకి పంపండి. ఫాస్ట్ ఫ్లాగులు ఆ లెక్క ఫైల్‌కి ఒక్కదానికే. భారత వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గ్రిడ్ ఫైళ్ళు మీరు చూసే ఉంటారు, డేటా లేని చోట -999 ఉంటుంది, నాన్ ఉండదు, దాన్ని పోల్చడానికి ఏ ఫ్లాగూ అడ్డురాదు.

ఎవరో ఒకరు బిట్లు చూసి నాన్ పట్టుకోవచ్చు అంటారు, ఎక్స్‌పొనెంట్ 11 బిట్లూ 1 అయి కింది 52 బిట్లలో ఒక్కటైనా 1 ఉంటే నాన్ అని. ఫైల్ నుంచి చదివిన విలువకి అది చాలావరకు పనిచేస్తుంది. కానీ అదే ఫాస్ట్ కోడ్‌లో అప్పుడే లెక్కగట్టిన విలువ మీద దాన్ని నమ్ముకోకండి, అక్కడ నాన్ రాదు అన్న హామీ ఆ లెక్క మీదే ఉంది, కంపైలర్ దాన్ని ఎంతదూరం లాక్కెళ్తుందో చెప్పలేం.


లింకర్_లక్ష్మి:

నంపై వార్నింగ్ సంగతి నేను చెప్తానండి, అది కూడా మీ ఫాస్ట్-మ్యాథ్ పనే, కానీ కంపైల్ చేసేటప్పుడు కాదు, లింక్ చేసేటప్పుడు జరిగింది.

లింక్ కమాండ్‌లో కూడా ఫాస్ట్-మ్యాథ్ ఉంటే జీసీసీ చడీచప్పుడు లేకుండా సీఆర్‌టీ ఫాస్ట్‌మ్యాథ్ అనే చిన్న ఆబ్జెక్ట్ ఫైల్ ఒకటి మీ లైబ్రరీలో కలిపేస్తుంది. అది లోడ్ అవ్వగానే ప్రాసెసర్ కంట్రోల్ రిజిస్టర్‌లో రెండు బిట్లు ఆన్ చేస్తుంది, ఇకమీదట సబ్‌నార్మల్స్ వస్తే సున్నా చేసెయ్ అని. డబుల్‌లో 2.2 ఇంటూ 10 పవర్ మైనస్ 308 కన్నా చిన్నవి అన్నమాట. మీ వాన లెక్కకి అవి ఎప్పుడూ రావు. కానీ ఆ రిజిస్టర్ మీ లైబ్రరీ ఒక్కదానిది కాదు కదా, ఆ థ్రెడ్ మొత్తానిది. మీ డాట్ ఎస్ఓ ఇంపోర్ట్ చేసిన క్షణం నుంచి అదే పైథాన్‌లో నడిచే నంపై, ఇంకా వేరేవాళ్ళు రాసిన లైబ్రరీలు అన్నిటి లెక్కా మారిపోతుంది, వాళ్ళు ఏ హామీ ఇవ్వకపోయినా! ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఒకరి ఫ్లాగ్ ఇంకొకరి ఇంట్లో లెక్క మార్చడం. 2012 నుంచి జీసీసీ బగ్ లిస్టులో ఉంది, 2022లో చాలా పైథాన్ ప్యాకేజీలు ఇలాగే చేస్తున్నాయని బయటపడి పెద్ద చర్చ అయ్యింది, జీసీసీ 13లో షేర్డ్ లైబ్రరీలకి (మీ డాట్ ఎస్ఓ లాంటివి) ఆ ఫైల్ కలపడం ఆపేశారు. మీది 11 అన్నారు కాబట్టి మీకు ఇంకా ఉంటుంది.

పరిష్కారం చాలా తేలిక. మేక్‌ఫైల్‌లో కంపైల్ ఫ్లాగులు, లింక్ ఫ్లాగులు ఒకే వేరియబుల్‌లో పెట్టి ఉంటారు, విడదీయండి. లింక్ లైన్లో ఓఫాస్ట్ గానీ ఫాస్ట్-మ్యాథ్ గానీ కనపడకూడదు. వార్నింగ్ పోతుంది చూడండి.

ఇంకొక్క మాట, -మార్చ్=నేటివ్ మీ లాప్‌టాప్‌లో కట్టి సర్వర్‌కి పంపకండి. అక్కడ మళ్ళీ కట్టుకున్నా, ఒక మెషిన్‌లో నాలుగేసి, ఇంకోదాంట్లో ఎనిమిదేసి కూడితే చివరి అంకెలు రెండు చోట్లా వేరుగా వస్తాయి, తర్వాత ఎవరో రెండు ఫైళ్ళు డిఫ్ తీసి "లెక్క మారింది" అని మీ మీదకి వస్తారు.


ఓరుగల్లు_జీపీయూ:

లక్ష్మక్క మంచిగ చెప్పింది. ఒకటి నేను కలుపుత. వానలెక్క అన్నా, ఇంక స్పీడ్ కోసం డబుల్ తీసి 32 బిట్ల ఫ్లోట్ పెడదాం అనుకుంటే, ఆ పాత ఏకాస్ సూత్రంతోని మాత్రం పెట్టకు. కాస్ 1 దగ్గర ఉన్నప్పుడు ఫ్లోట్‌ల 1కి కింద ఉన్న మొదటి విలువకి ఏకాస్ తీస్తే భూమి మీద 2.2 కిలోమీటర్లు వస్తది, అంటే దానికన్నా దగ్గరున్న రెండు జాగలు నీ ప్రోగ్రామ్‌కి ఒకటే జాగ. డబుల్‌ల అదే పది సెంటీమీటర్లు, అందుకే నీకు ఇన్నిరోజులు తెల్వలేదు. ఎక్స్ వై జెడ్ పద్ధతిల ముందు తీసివేసి తర్వాత వర్గం చేస్తవ్ కాబట్టి ఫ్లోట్‌ల గూడ మీటర్ అటు ఇటు తేడాతోని నడుస్తది.

ఇంక ఎవరన్న నీ కోడ్‌ల కహాన్ కూడిక పెట్టి ఉంటే గూడ చూసుకో. కూడేటప్పుడు రౌండింగ్‌ల పోయిన చిల్లరని పక్కకు దాచి మళ్ళ కలిపే పద్ధతి అది, ఐ ట్రిపుల్ ఈ 754 అనే ఫ్లోటింగ్ పాయింట్ ప్రమాణం వెనక ఉన్న విలియం కహాన్ పెట్టింది. ఆ చిల్లర లెక్క బీజగణితంల సున్నా, అసోసియేటివ్ ఫ్లాగ్ పెడితే కంపైలర్ గది సున్నానే గద అని తీసేస్తది, మామూలు కూడిక మిగుల్తది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, ఏం రాదు.


వానలెక్క:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నిన్న సాయంత్రం కూర్చుని మొత్తం మార్చాను, ఏం చేశానో రాస్తున్నాను, రేపు ఎవరైనా ఇదే వెతుక్కుంటూ వస్తే పనికొస్తుంది.

స్టేషన్లు, గ్రిడ్ అన్నీ ఎక్స్ వై జెడ్ చేశాను, లూప్‌లో ఒక్క మ్యాథ్ ఫంక్షన్ కూడా లేదు ఇప్పుడు. రీడింగ్ లేని స్టేషన్లు చదివేటప్పుడే పోతున్నాయి, ఆ ఫైల్ -ఓ2. లెక్క ఫైల్‌కి -ఓ3, నో-మ్యాథ్-ఎర్నో, నో-ట్రాపింగ్-మ్యాథ్ (లెక్కలో తేడా వస్తే ప్రోగ్రామ్‌ని ఆపే ఏర్పాటు లేదని), నో-సైన్డ్-జీరోస్ (సున్నా గుర్తు పట్టించుకోనని), అసోసియేటివ్-మ్యాథ్, ఈ నాలుగే (చివరిది పనిచేయాలంటే దాని ముందున్న రెండూ ఉండాలట, లేకపోతే జీసీసీ దాన్ని పక్కన పెట్టేస్తుంది, అది మాన్యువల్‌లో చూశాను). ఫైనైట్-ఓన్లీ పెట్టలేదు, పెట్టి చూశాను, టైం ఏం తగ్గలేదు, ఇంక ఆ హామీ ఇవ్వడం ఎందుకు.

టైం ఎంతో చెప్తే మీరు నమ్మరు, 1.6 సెకన్లు. మొదట 41. అంటే 13కే సంతోషపడి ఆగిపోయి ఉంటే ఎంత పోయేది! నో-మ్యాథ్-ఎర్నో కూడా ఇప్పుడు అక్కర్లేదు నిజానికి, లూప్‌లో పిలిచే ఫంక్షనే లేదు కాబట్టి, కానీ రేపు ఎవరైనా స్క్వేర్‌రూట్ కలిపితే అని ఉంచాను. లింక్ లైన్ విడదీశాక నంపై వార్నింగ్ కూడా పోయింది లక్ష్మి గారూ.

పాత -ఓ2 లెక్కతో నెల రోజుల డేటా పోల్చాను, ఎక్కడా తేడా 0.01 మిల్లీమీటరు దాటలేదు. మా గేజ్‌లో బకెట్ ఒక్కసారి ఒలికితేనే 0.2 మిల్లీమీటర్లు.

ఆ రోజు నాకు "నాన్ 0" చూపించిన స్టేషన్ ఒకటుంది, ఆదివారం నుంచి సెన్సర్ పనిచేయట్లేదు దానిది. ఇప్పుడు మ్యాప్‌లో ఆ స్టేషన్ చుక్క బూడిద రంగులో ఉంది, చుట్టూ ఉన్న ఆరు మండలాలకీ వాన అంకెలు వచ్చాయి.